ఊపిరితిత్తుల క్యాన్సర్ మందును ఏ చిట్టెలుకలో పరీక్షించాలి? విశాఖలో పరిశోధన చేసేవారి కోసం

మన దగ్గర సినాప్సిస్‌లలో (పరిశోధన ప్రతిపాదనల్లో) తరచూ కనిపించే వాక్యం ఒకటుంది: "ఏ549 కణాలతో న్యూడ్ ఎలుకల్లో ట్యూమర్ పెంచి, మందు ఇచ్చి, పరిమాణం కొలుస్తాం." ఏ549 అంటే మనిషి ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాల్లో ఒక రకం, న్యూడ్ ఎలుకంటే రోగనిరోధకత తగ్గిన ఎలుక. మందు కొత్త కైనేజ్ నిరోధకం (కణాన్ని పెరగమనే సంకేతాన్ని ఆపేది) కావచ్చు, నానో కణాల్లో నింపిన పాత సిస్‌ప్లాటిన్ కావచ్చు, నేలవేము సారం కావచ్చు, వాక్యం మాత్రం మారదు. సీనియర్ థీసిస్‌లో ఉంది, గైడ్ అడ్డు చెప్పలేదు, అంతే. ఐఏఈసీ (జంతు ప్రయోగాలకు అనుమతిచ్చే కమిటీ) మీటింగ్‌లో "ఈ మోడలే ఎందుకమ్మా?" అని అడిగితే "అందరూ అదే వాడారు సార్" అన్న జవాబు వస్తుంది. ఆ జవాబుతో అనుమతి వస్తే రావచ్చు గానీ, ఏడాది తర్వాత పేపరు పంపినప్పుడు రివ్యూయర్ మళ్లీ అదే ప్రశ్న వేస్తాడు. అప్పటికి ఎలుకలూ ఉండవు, డబ్బూ ఉండదు.

ఏ మోడల్ మంచిదని నన్నడిగితే నేను తిరిగి రెండు విషయాలు అడుగుతాను. మీ మందు పని చేయాలంటే ఎలుకలో టి కణాలు (పరాయి కణాలను, క్యాన్సర్ కణాలను గుర్తించి చంపే రోగనిరోధక కణాలు) ఉండాలా? మీ మందు గురిపెట్టే జన్యు మార్పు మీరు ఎక్కించబోయే కణాల్లో ఉందా? ఈ రెంటికీ జవాబు తెలిస్తే సగం మోడళ్లు వాటంతట అవే పక్కకు పోతాయి. మిగిలిన వాటిలో మన యానిమల్ హౌస్‌కు, మన టైముకు, మన గ్రాంటుకు ఏది సరిపోతుందన్నది తర్వాతి లెక్క. చాలామంది ఈ తర్వాతి లెక్కతోనే మొదలుపెడతారు. చిక్కంతా అక్కడే.

మనిషి కణాలు, రోగనిరోధకత లేని ఎలుక

న్యూడ్ ఎలుకకు వెంట్రుకలు ఉండవు, టి కణాలు తయారయ్యే థైమస్ గ్రంథి ఉండదు. థైమస్ లేకపోతే పనిచేసే టి కణాలు ఉండవు కాబట్టి మనిషి కణాలను పరాయివని తోసిపుచ్చలేదు. 1969లో డెన్మార్క్‌కు చెందిన రైగార్డ్, పోవ్ల్‌సెన్ మనిషి పెద్దపేగు ట్యూమర్‌ను ఇలాంటి ఎలుకలో పెంచి చూపించారు. అప్పటి నుంచి క్యాన్సర్ మందుల పరీక్షకు ఇదే రాజమార్గం అయింది.

ఈ పద్ధతికి ఉన్న గొప్ప సుగుణం వేగం. కణాలను చర్మం కింద ఎక్కిస్తారు, ట్యూమర్ సగటున 100 నుంచి 150 ఘన మిల్లీమీటర్లకు వచ్చాక ఎలుకలను గుంపులుగా విడదీస్తారు, కాలిపర్‌తో వారానికి రెండు మూడుసార్లు కొలుస్తారు. స్కానర్ అక్కర్లేదు. ఎలుకకూ ఎలుకకూ మధ్య తేడా తక్కువ కాబట్టి గుంపుకు 8 నుంచి 10 ఎలుకలతో సాధారణంగా పని గడుస్తుంది.

కానీ ఏ కణాలు ఎక్కిస్తున్నారన్నది చూడాలి. ఏ549 కణాలను 1972లో 58 ఏళ్ల వ్యక్తి ఊపిరితిత్తుల ట్యూమర్ నుంచి తీశారు. వాటిలో కణాన్ని పెరగమనే కేరాస్ జన్యువులో జి12ఎస్ మార్పు (12వ స్థానంలో జి బదులు ఎస్) ఉంది, ఎస్‌టికె11 అనే, ట్యూమర్‌ను అదుపులో ఉంచే జన్యువు పాడైపోయింది, కణానికి పెరిగే సంకేతం అందించే ఈజీఎఫ్ఆర్ మాత్రం మామూలుగానే ఉంది. అంటే ఈజీఎఫ్ఆర్ నిరోధకాన్ని ఏ549 మీద పరీక్షించడమంటే లేని తాళానికి చెవి తయారుచేయడమే. "కేరాస్ మార్పు ఉంది కదా, సోటోరాసిబ్ లాంటి మందుకు పనికొస్తుంది" అనుకునేవాళ్లూ ఉన్నారు. ఆ మందు పట్టుకునేది జి12సిని, జి12ఎస్‌ను కాదు. ఒక్క అక్షరం తేడాకు ఏడాది పని గల్లంతవుతుంది. జి12సి కావాలంటే హెచ్358 కణాలున్నాయి. ఈజీఎఫ్ఆర్ జన్యువులో ఎక్సాన్ 19 అనే భాగంలో కొంత తెగిపోయిన రకం కావాలంటే హెచ్‌సీసీ827, పీసీ9 ఉన్నాయి. ఎల్858ఆర్‌తో పాటు తొలితరం ఈజీఎఫ్ఆర్ మందులకు లొంగని టి790ఎం మార్పు కూడా కావాలంటే హెచ్1975 ఉంది. టి790ఎంను కూడా పట్టే ఈజీఎఫ్ఆర్ మందు ఆసిమెర్టినిబ్‌ను 2015లో అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదించింది. అంతకుముందు దాన్ని ఎలుకల్లో పరీక్షించినప్పుడు హెచ్1975, పీసీ9 ట్యూమర్లతో పాటు జన్యువు మార్చిన ఎలుకలనూ వాడారు. గురికి తగిన కణాలను ఎంచుకోవడమంటే అది.

మన రోగుల సంగతి కూడా తలచుకోవాలి. భారతీయుల ఊపిరితిత్తుల అడినోకార్సినోమాలో (ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఎక్కువగా కనిపించే రకం) ఇంచుమించు నాలుగో వంతు నుంచి మూడో వంతు కేసుల్లో ఈజీఎఫ్ఆర్ మార్పు కనిపిస్తుంది. ఏ549 ఈ గుంపుకు ప్రతినిధి కాదు. మన థీసిస్‌లలో ఎక్కడ చూసినా అదే ఉండటానికి కారణం అది దొరకడం తేలిక, పెరగడం తేలిక కావడమే.

ఇక నన్ను అన్నిటికంటే చిరాకు పెట్టేది "ఇమ్యూనిటీ పెంచి క్యాన్సర్‌ను తగ్గించే మూలిక" అని టైటిల్ పెట్టి, ప్రయోగం న్యూడ్ ఎలుకలో చేయడం. ఆ ఎలుకలో ఎన్‌కే కణాలు, మ్యాక్రోఫేజ్‌లు అనే వేరే రోగనిరోధక కణాలు ఉంటాయి, నిజమే. కానీ టి కణాల ద్వారా పనిచేసే మందుకు అక్కడ చోటెక్కడ? ఇంకో మాట కూడా ఉంది. సెటుక్సిమాబ్ లాంటి యాంటీబాడీ మనిషి ఈజీఎఫ్ఆర్‌నే పట్టుకుంటుంది, ఎలుకదాన్ని పట్టుకోదు. అందుకని మనిషి ట్యూమర్ కరుగుతుంది, ఎలుక చర్మం మాత్రం చక్కగా ఉంటుంది. "దుష్ప్రభావాలు లేవు" అని రాసేస్తారు. ఆ ఎలుకలో దుష్ప్రభావం కనిపించే వీలే లేదు.

ఎలుక కణాలు, మామూలు ఎలుక

లూయిస్ లంగ్ కార్సినోమా, ల్యాబుల్లో పిలిచే పేరు ఎల్ఎల్‌సీ. 1951లో ఫిలడెల్ఫియాలోని విస్టార్ సంస్థలో మార్గరెట్ లూయిస్ ఒక సి57బిఎల్ ఎలుకలో దానంతటదే వచ్చిన ఊపిరితిత్తుల ట్యూమర్‌లో దీన్ని గుర్తించారు. కణాలూ, ఎలుకా ఒకే వంశం కాబట్టి శరీరం తోసిపుచ్చదు, పైగా రోగనిరోధక వ్యవస్థ మొత్తం చెక్కుచెదరకుండా ఉంటుంది. సి57బిఎల్/6 ఎలుకను పెంచడం న్యూడ్ ఎలుకంత కష్టం కాదు, ధరా తక్కువే. విశాఖలో ఒక మామూలు ఫార్మసీ కాలేజీ యానిమల్ హౌస్‌లో నమ్మకంగా చేయగలిగే మోడల్ ఏదంటే నా ఓటు దీనికే.

లోపాలు లేవని కాదు. ఎల్ఎల్‌సీ విపరీతమైన వేగంతో పెరుగుతుంది. రెండు మూడు వారాల్లో ట్యూమర్ మీద చర్మం పుండు పడుతుంది, అక్కడితో ఆ ఎలుక ప్రయోగం ముగిసినట్టే. నెమ్మదిగా పనిచేసే మందుకు ఆ సమయం చాలదు. రెండోది, యాంటీ పీడీ-1 చికిత్సకు (టి కణాల మీది పీడీ-1 అనే బ్రేకును తీసేసే ఇమ్యునోథెరపీకి) ఇది అంతగా లొంగదు. మీ మందు ఇమ్యునోథెరపీకి తోడుగా పనిచేస్తుందా అని చూడాలంటే ఈ మొండితనం ఒక విధంగా మేలే: తోడు మందు వల్ల ట్యూమర్ తగ్గితే అది కనిపిస్తుంది. పీడీ-1 మందు ఒక్కదానికే స్పందన చూడాలంటే సీఎంటీ167 అనే ఎలుక ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాలు నయం, అవీ ఊపిరితిత్తిలోకి ఎక్కించినప్పుడు.

మూడోది కేరాస్ మందులవాళ్లకు. ఎల్ఎల్‌సీలో కేరాస్ జి12సి ఉందని చదివి సంబరపడకండి. దానితోపాటు కేరాస్ తోబుట్టువు లాంటి ఎన్‌రాస్ జన్యువులో కూడా మార్పు ఉంది. ఆ రెండో దారి తెరిచి ఉన్నంతకాలం జి12సి మందు సరిగ్గా పనిచేయదు. ఎన్‌రాస్‌ను తొలగించిన రకాన్ని వాడి 2021లో పరిశోధకులు ఈ ముడి విప్పారు.

ఇంకో జాగ్రత్త యాంటీబాడీ విషయంలో. మార్కెట్లో దొరికే పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ మనిషి పీడీ-1 కోసం చేసినవి, ఎలుక పీడీ-1ను పట్టుకోవు. ఎలుకకు ఆర్ఎంపీ1-14 లాంటి యాంటీబాడీ విడిగా కొనాలి. అటెజోలిజుమాబ్ మాత్రం ఎలుక పీడీ-ఎల్1ను (పీడీ-1కు అతుక్కునే జోడీ ప్రొటీన్‌ను) కూడా పట్టుకుంటుంది. ఆసుపత్రిలో మిగిలిన వయల్ ఎవరో ఇప్పించారని మోడల్ మార్చుకునే ముందు ఈ సంగతి చూసుకోండి.

బి16ఎఫ్10 కణాలను తోక రక్తనాళంలోకి ఎక్కించి, ఊపిరితిత్తుల మీద నల్లటి చుక్కలు లెక్కపెట్టి "లంగ్ క్యాన్సర్ మోడల్" అని రాయడం కూడా చూస్తుంటాం. అది చర్మపు మెలనోమా. ఊపిరితిత్తికి చేరిందే తప్ప ఊపిరితిత్తిలో పుట్టింది కాదు. వ్యాప్తిని ఆపే మందుకైతే సరే.

ఊపిరితిత్తిలోనే ట్యూమర్ పుట్టించే ఎలుకలు

ఇవి జన్యువు మార్చిన ఎలుకలు. 2001లో టైలర్ జాక్స్ బృందం తయారుచేసిన కేరాస్ జి12డి ఎలుకలో ఆ చెడ్డ జన్యువు మౌనంగా ఉంటుంది. క్రీ ఎంజైమ్‌ను మోసే అడినోవైరస్‌ను ముక్కు ద్వారా ఇస్తే ఊపిరితిత్తి కణాల్లో మాత్రమే అది మేల్కొంటుంది. మత్తిచ్చిన ఎలుకను నిలువుగా పట్టుకుని ముక్కు రంధ్రం మీద ఒక్కో చుక్క వేయాలి. ఎలుక ఊపిరి పీల్చి ఆ చుక్క లోపలికి పోయేదాకా ఆగాలి. తొందరపడి రెండో చుక్క వేస్తే సగం పొట్టలోకి పోతుంది, ఆ ఎలుకలో నాలుగు ట్యూమర్లు వస్తే పక్కదానిలో నలభై వస్తాయి. ఈ మోడల్‌లో ఎలుకకూ ఎలుకకూ తేడా ఎక్కువని చెప్పడానికి ఒక కారణం ఇదే.

ట్యూమర్‌ను అదుపులో ఉంచే పి53 జన్యువును కూడా తీసేస్తే వ్యాధి ముదురుతుంది. అసలైన అడినోకార్సినోమా కనిపించడానికి సుమారు మూడు నాలుగు నెలలు పడుతుంది. ఈజీఎఫ్ఆర్ ఎలుకలు వేరే ఉన్నాయి: డాక్సీసైక్లిన్ కలిపిన మేత పెడితే ట్యూమర్లు వస్తాయి, ఆ మేత మానేస్తే కరిగిపోతాయి. అలాంటిదే అయిన ఆర్‌బీ1ను, పి53ను రెండూ తీసేసి స్మాల్ సెల్ క్యాన్సర్ (వేగంగా పాకే మరో రకం ఊపిరితిత్తుల క్యాన్సర్) పుట్టించే ఎలుకను ఆంటన్ బెర్న్స్ బృందం 2003లో చేసింది. స్మాల్ సెల్ మీద పనిచేసేవాళ్లకు ఇంతకంటే మంచి దారి లేదు.

ఈ ఎలుకల విలువ ఏమిటో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. కేరాస్ మార్పున్న రోగులకు డోసిటాక్సెల్ అనే కీమో మందుతో సెలుమెటినిబ్ (కేరాస్ సంకేతాన్ని దిగువన ఆపే మందు) కలిపితే మేలా అన్న ప్రశ్నకు మనుషుల్లో ట్రయల్స్ నడుస్తుండగానే ఎలుకల్లోనూ అదే చికిత్స ఇచ్చి 2012లో ఫలితాలు ప్రచురించారు. కేరాస్ ఒక్కటే మారిన ఎలుకల్లోనూ, పి53 కూడా పోయిన ఎలుకల్లోనూ కలయిక పనికొచ్చింది. ఎల్‌కేబీ1 కూడా పోయిన ఎలుకలు మాత్రం మొండికేశాయి. ఎల్‌కేబీ1 అంటే పైన చెప్పిన ఎస్‌టికె11నే. తర్వాత 510 మంది రోగులతో జరిగిన సెలెక్ట్-1 ట్రయల్‌లో రోగులను ఎల్‌కేబీ1 చూసి విడదీయలేదు. ఆ కలయిక వ్యాధి ముదరకుండా ఉండే కాలాన్ని పెంచలేకపోయింది. ఆ ఓటమికి కారణం అదొక్కటేనని అనలేం. కానీ "కేరాస్ రోగులు" అని ఒక గంపలో వేస్తే లోపలి తేడాలు మాయమైపోతాయని ఎలుకలు ముందే హెచ్చరించాయి. ఏ549 ఒక్కదానితో చేసిన ప్రయోగంలో ఆ హెచ్చరిక వినిపించే అవకాశం లేదు.

అయితే ఇక్కడా ఒక మెలిక ఉంది. పొగతాగేవారి ట్యూమర్‌లో వేల కొద్దీ జన్యు మార్పులుంటాయి, ఈ ఎలుకల ట్యూమర్‌లో చాలా తక్కువ. రోగనిరోధక వ్యవస్థ కంట్లో పడటానికి తగినన్ని గుర్తులు ఉండవు కాబట్టి ఇమ్యునోథెరపీ పరీక్షకు ఇవి అంత బాగోవు. ఎం.ఫార్మ్ కాలపరిమితిలో అయితే అసలు ఆలోచించొద్దు. పీహెచ్‌డీ, అదీ ఈ ఎలుకలు ఇప్పటికే పెంచుతున్న ల్యాబ్‌తో ఒప్పందం ఉంటేనే. లేకపోతే కొండను తవ్వడంతోనే ఫెలోషిప్ అయిపోతుంది, ఎలుక దాకా రారు.

రోగి ట్యూమర్‌ను నేరుగా ఎలుకలో

కాగితం మీద చాలా అందంగా కనిపించే మోడల్ ఇది. కేజీహెచ్ ఉంది, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, రోగి ట్యూమర్ ముక్క తెచ్చి ఎలుకలో పెంచితే సరి అనిపిస్తుంది. వాస్తవంలో మన దగ్గర ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువగా ముదిరాకే బయటపడుతుంది. ఆపరేషన్ చేసే కేసులు తక్కువ, దొరికేది సూది బయాప్సీలో వచ్చే సన్నటి ముక్క. అది రోగ నిర్ధారణకు, జన్యు పరీక్షకే చాలదు. ఆపరేషన్ కేసు దొరికినా ముక్కను ఐస్‌లో పెట్టి గాజువాక ట్రాఫిక్ దాటించి తేవాలి, అదే రోజు ఎలుకలో పెట్టాలి. పెట్టినవన్నీ పెరగవు. స్క్వామస్ అనే రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ కాస్త బాగా పట్టుకుంటుంది, మనకు ఎక్కువగా కావలసిన ఈజీఎఫ్ఆర్ రకం సరిగ్గా పట్టుకోదు. మొదటి ట్యూమర్ పైకి కనిపించడానికే నెలలు పడుతుంది, మందు పరీక్షకు సరిపడా ఎలుకల్లోకి విస్తరించడానికి ఇంకొన్ని నెలలు. ఒక్కోసారి పెరిగింది ఊపిరితిత్తుల క్యాన్సర్ కూడా కాదు, రోగి తెల్లరక్త కణాల నుంచి వచ్చిన లింఫోమా అని తేలుతుంది, అందుకే స్లయిడ్ చూడకుండా ముందుకు పోకూడదు.

దీనికి మనుషుల పరిశోధనల ఎథిక్స్ కమిటీ అనుమతి, రోగి రాతపూర్వక సమ్మతి విడిగా కావాలి. మనిషి రక్తమూలకణాలు ఎక్కించిన "హ్యూమనైజ్డ్" ఎలుకల ఊసు ఇక్కడ ఎత్తను. ఆ ఖర్చు భరించగల ల్యాబ్‌కు ఈ వ్యాసంతో పనిలేదు.

రసాయనంతో పుట్టించడం

ఏ/జే ఎలుకకు యూరిథేన్ ఇస్తే, లేదా స్విస్ అల్బినో ఎలుకకు బెంజోపైరీన్ తాగిస్తే నెలల తర్వాత ఊపిరితిత్తుల్లో గడ్డలు వస్తాయి. ఎలుక చవక. వచ్చేవి ఎక్కువగా అడినోమాలు, అంటే ఇంకా పూర్తి క్యాన్సర్ కాని దశ. వ్యాధి రాకుండా ఆపే పదార్థాల పరీక్షకు ఇది సరైన చోటు. మూలికల మీద పనిచేసేవాళ్లు నిజానికి ఇటు రావాలి. వచ్చేసిన క్యాన్సర్‌కు చికిత్స అని చెప్పుకోవడానికి మాత్రం ఇది చాలదు. ఈ రసాయనాలు మనుషులకూ హానికరమే, ఫ్యూమ్ హుడ్, గ్లవ్స్, వాడిన పరుపు పొట్టును విడిగా పారేసే ఏర్పాటు లేకపోతే దీని జోలికి పోవద్దు.

చర్మం కిందా, ఊపిరితిత్తిలోనా?

చర్మం కింద పెరిగే ట్యూమర్ చుట్టూ ఊపిరితిత్తి వాతావరణం ఉండదు. ఊపిరితిత్తిలోకే కణాలు ఎక్కిస్తే వ్యాధి నిజానికి దగ్గరవుతుంది, కాలిపర్ మాత్రం పనికిరాదు. లూసిఫెరేస్ (వెలుగునిచ్చే ఎంజైమ్) పెట్టిన కణాలు, కాంతిని పట్టే ఇమేజింగ్ యంత్రం, లేదా మైక్రో సీటీ కావాలి. అవి లేకుండా ఊపిరితిత్తిలో ఎక్కిస్తే గుడ్డిగా చికిత్స చేసి, చివర్న కోసి చూడడమే మిగులుతుంది.

కాలిపర్ పద్ధతిని తేలిగ్గా తీసుకోకండి. పొడవును వెడల్పు వర్గంతో గుణించి రెండుతో భాగిస్తారు. 12 మిల్లీమీటర్ల పొడవు, 10 వెడల్పు అయితే 600 ఘన మిల్లీమీటర్లు. చెయ్యి కాస్త వదులై వెడల్పు 11 చూపిస్తే 726. ఒక్క మిల్లీమీటరుకు 21 శాతం తేడా. మందు ప్రభావం అని చాలా థీసిస్‌లు చూపించే తేడా కూడా అంతే ఉంటుంది. అందుకే మొదటి నుంచి చివరి దాకా ఒకే మనిషి కొలవాలి, ఏ ఎలుకకు ఏ మందు వెళ్లిందో ఆ మనిషికి తెలియకూడదు.

విశాఖలో ప్రత్యేకంగా చూసుకోవలసినవి

యానిమల్ హౌస్‌లో గాలి తేమ 30 నుంచి 70 శాతం మధ్య ఉండాలని నిబంధన. మన సముద్రపు గాలికి ఆ పై గీత లోపల ఉంచడమే రోజూ ఒక పోరాటం. న్యూడ్, ఎన్ఎస్‌జీ (రోగనిరోధకత ఇంకా తక్కువున్న) ఎలుకలకు వడపోసిన గాలి వచ్చే కేజ్‌లు, ఆటోక్లేవ్ చేసిన మేత, నీళ్లు తప్పనిసరి. ఆ కేజ్‌ల ఫ్యాన్లు కరెంటు మీద నడుస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక నగరంలో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. జనరేటర్‌కు డీజిల్ ఎంతసేపటికి ఉందో చూడకుండా, అక్టోబరు నవంబరులకు న్యూడ్ ఎలుకల ప్రయోగం పెట్టుకోవడం తుఫాను సీజన్‌తో పందెం కాయడమే.

ఏసీ సంగతి అంతకంటే ముఖ్యం. అమెరికాలోని రాస్‌వెల్ పార్క్ క్యాన్సర్ సంస్థ పరిశోధకులు 2013లో ఒక విషయం చూపించారు: 22 డిగ్రీల గదిలో ఉన్న ఎలుకలకంటే 30 డిగ్రీల గదిలో ఉన్న మామూలు ఎలుకల్లో ట్యూమర్లు నెమ్మదిగా పెరిగాయి. రోగనిరోధకత లేని ఎలుకల్లో ఆ తేడా లేదు. అంటే ఎల్ఎల్‌సీ ప్రయోగం మధ్యలో ఏసీ పాడై, ఆ వారం ట్యూమర్లు తగ్గుముఖం పడితే సంబరం మందుది కాకపోవచ్చు. కంట్రోల్ గుంపునూ, మందు గుంపునూ ఒకే ర్యాక్‌లో ఉంచండి, గది ఉష్ణోగ్రత రోజూ రాయండి.

మ్యాట్రిజెల్ (కణాలను పట్టి ఉంచే జెల్) కలిపి కణాలు ఎక్కించేవారు టిప్పులు, సిరంజిలు కూడా ముందే ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. 10 డిగ్రీలు దాటితే అది గడ్డకట్టడం మొదలవుతుంది. మే నెలలో ఇక్కడ బల్ల మీద పెట్టి ఫోన్ ఎత్తితే చాలు, సూదిలోనే బిగుసుకుపోతుంది.

ఎవరు ఏది తీసుకోవాలి

ఎం.ఫార్మ్ ప్రాజెక్టు, టైము ఏడాది లోపే, మందు నేరుగా కణాన్ని చంపేది: ఎల్ఎల్‌సీతో సి57బిఎల్/6 ఎలుక. గురిపెట్టి చేసిన మందు, టెన్షన్ పడకుండా నడిపే న్యూడ్ ఎలుకల గది అందుబాటులో ఉంది: మార్పు ఉన్న కణాలు ఒక రకం, ఆ మార్పు లేనివి ఒక రకం, రెండూ పెట్టండి. మందు మొదటిదాని మీద పనిచేసి రెండోదాని మీద పనిచేయకపోతే అదే మీ అసలు సాక్ష్యం. ఇక్కడ ఏ549కు కూడా మంచి పాత్ర దొరుకుతుంది, ఈజీఎఫ్ఆర్ మందుకు లొంగని కంట్రోల్‌గా.

ఇమ్యునోథెరపీతో కలయిక అయితే న్యూడ్ ఎలుకను మరచిపోండి. పీహెచ్‌డీ, నాలుగేళ్లు, బయట ల్యాబ్ తోడు ఉంది అంటే చవకైన మోడల్‌లో మోతాదు తేల్చుకుని, జన్యువు మార్చిన ఎలుకలో ఒకే ఒక్క ప్రశ్న అడగండి. డబ్బు ఒకే మోడల్‌కు సరిపోతుందా, రెండు చిన్న మోడళ్లకు పెట్టాలా అంటే నేను రెండో దానికే మొగ్గుతాను. ఒక ఎలుకలో గొప్పగా కనిపించి రెండోదాంట్లో మాయమయ్యే ఫలితాలు చాలా ఎక్కువ. అసలు ఎలుక అవసరమా అన్నది కూడా ఇప్పుడు కమిటీలు అడుగుతున్నాయి. 2023 మార్చిలో మన కొత్త మందుల నిబంధనలను సవరించి, కణాలతో, చిప్‌లతో చేసే పరీక్షలకూ చోటిచ్చారు. కణాల దశలోనే తేలిపోయే మందును ఎలుక దాకా తేవద్దు.

ఫారం-బి (జంతు ప్రయోగ అనుమతి దరఖాస్తు) నింపేటప్పుడు ట్యూమర్ ఎంతకు చేరితే ఎలుకకు నొప్పిలేని ముగింపు ఇస్తారో, బరువు ఎంత శాతం తగ్గితే ఆపేస్తారో అంకెల్లో రాయండి. "అవసరమైతే" అని రాస్తే వెనక్కి వస్తుంది. జన్యువు మార్చిన ఎలుకైతే బయోసేఫ్టీ కమిటీకి కూడా వెళ్లాలి. ఎలుకలను రిజిస్టరైన బ్రీడర్ దగ్గరే కొనాలి, న్యూడ్ ఎలుకలకు ముందుగా బుక్ చేసుకోవాలి. హైదరాబాద్ నుంచి రాత్రి ప్రయాణంలో తెప్పించండి, దిగాక కనీసం వారం రోజులు వాటిని కుదుటపడనివ్వండి. కణాలకు మైకోప్లాస్మా (కల్చర్‌లోని కణాలకు సోకే బ్యాక్టీరియా) పరీక్ష ఆ వారంలోనే పూర్తిచేసుకోవచ్చు.